ఉచితమునందలి యనుచితము

మన భాషలో ‘ఉచితము’ అను పదమునకు పట్టిన గతి విచిత్రమైనది. సంస్కృతమున దానికి తగినది, యోగ్యమైనది అని యర్థము. ఉచితానుచితములు, సముచితము, ఔచిత్యము మొదలైన మాటలలో ఆ యర్థము తెలుగునను నేటికి నిలిచియున్నది. కాని సంతలోను బజారులోను ‘ఉచితము’ అన్నచో వెల లేనిదని యర్థము. ఈ రెండర్థములు నొక్క పదమున నిముడుటకు కారణమేదైనను, ఆ కలయిక మనకొక ప్రశ్నను మిగిల్చినది: వెల లేక యిచ్చుదానిని మనము తగినట్లుగా నిచ్చుచున్నామా? దానమును గుఱించి మనవారు వ్రాసినది కొండంత కలదు. దానము చేయుచోట నాడు మాటను గుఱించి వ్రాసినది మాత్రము గోరంత. ఈ వ్యాసము ఆ రెండవదానిని గుఱించినది.

దానమున కిరువురు వ్యక్తులు చాలునని పూర్వులు తలంచిరి: ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు. పాత్రుడెవడు, అపాత్రుడెవడు, ఏ దేశమున, ఏ కాలమున నీయవలయును అను విచారమంతయు నీ యిరువురిని గుఱించియే సాగినది. నేటి దానమున మూడవ వ్యక్తి యొకడు ప్రవేశించినాడు. దాత యిచ్చిన వస్తువును తీసికొని, ఏఱి, దాచి, అవసరము గలవానికి పంచిపెట్టువాడు వీడు. ఇతడు సొమ్మిచ్చినవాడు కాడు. సొమ్ము పుచ్చుకొనువాడును కాడు. జీతము లేక పనిచేయువాడు. దాత యొక్క కరుణ పేదవానికి చేరవలెనన్న నితని చేతిమీదుగనే చేరవలెను. అంతకంటె ముఖ్యముగ, నితని నోటిమీదుగ చేరవలెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత నాటి యాలయమునకే కాదు, నేటి దానశాలకును సరిపోవుచున్నది.

సీమదేశములలో దానపుటంగళ్లనునవి కలవు. గృహస్థులు తమకు వలదన్న బట్టలు, పుస్తకములు, పాత్రలు, బొమ్మలు అచ్చటికి తెచ్చి యిత్తురు. అంగడివారు వానిని స్వల్పమైన వెలకు విక్రయించి, వచ్చిన సొమ్మును వైద్యమునకో, కఱవు నివారణమునకో, అనాథల పోషణమునకో వినియోగింతురు. ఇంగ్లాండునందు వుల్వర్‌హాంప్టన్ నగరమున నంధుల సహాయార్థ మొక సంఘమువారు 1899లోనే యిట్టి యంగడి తెఱచిరి. అమెరికాలో బోస్టను నగరమున ఎడ్గారు హెల్మ్స్ అను మతబోధకుడు 1902లో ఆరంభించిన గుడ్‌విల్ సంస్థ, పాతవస్తువులను బాగుచేయు పనినే నిరుద్యోగులకు జీవనోపాధిగ చేసినది. 1942లో కఱవు బాధితుల కొఱకు పుట్టిన ఆక్స్‌ఫామ్ సంఘము, 1948లో ఆక్స్‌ఫర్డులోని బ్రాడ్ వీథిలో తన యంగడిని స్థాపించినది. నేడు బ్రిటనులో నిట్టివి పదివేలకు పైగా కలవు. వీనిలో పనిచేయువారిలో నధికసంఖ్యాకులు జీతము లేని స్వచ్ఛందసేవకులు. పింఛను పుచ్చుకొనుచున్న వృద్ధులు, ఒంటరితనమును మఱచుటకై వచ్చు స్త్రీలు, పని నేర్చుకొన వచ్చిన యువకులు వీరిలో నుందురు.

ఆ యంగళ్లకు పోవువారు తఱచుగా మొఱపెట్టుకొను విషయ మొకటి కలదు. వస్తువులు మంచివే, వెల తక్కువయే, ఉద్దేశము పవిత్రమే. కాని బల్లవెనుక నిలుచున్నవారి నోరు మంచిది కాదని. ఇచ్చుటకు సంచి మోసికొని వచ్చినవానిని చూచి, చెత్త తెచ్చినట్లు ముఖము చిట్లించుట. కొనవచ్చినవాడు వెల యడిగినచో, ఇంత తక్కువకు వచ్చునప్పుడు బేరమా యని దెప్పుట. చిల్లర లెక్కపెట్టుకొను బీదవానిని నిలువబెట్టి, తోడి సేవకురాలితో లోకాభిరామాయణము సాగించుట. దూరదేశపు ముచ్చటగా దీనిని చదివి నవ్వుకొని విడువవచ్చును. కాని మన యింటి వాకిటనే దీనికి తోబుట్టువులు కలవు గనుక నవ్వుట కవకాశము లేదు.

మన తెలుగునాట పాతబట్టల కొక సంప్రదాయ మున్నది. అక్కచీర చెల్లెలికి, అన్నచొక్కా తమ్మునికి వచ్చును. చిరిగినది బొంతయగును, మఱియు చిరిగినది తడిగుడ్డయగును. మిగిలినవి వీథిలో కేకవేయుచు వచ్చు స్టీలుసామానులవానికి పోవును. నాలుగు చీరలకొక గిన్నె యని వాడనును, రెండు చీరలకే యియ్యవలెనని యిల్లాలనును. ఆ బేరమున నిరువురును సమానులు. ఎవరి తలయు వంగదు, ఎవరి నోటను దయ యను మాట రాదు. కాని యిదే చీర దానముగ మాఱినంతనే, అదియే చేయి, అదియే గుడ్డ, నడుమ మాట మాత్రము మాఱిపోవుచున్నది.

మా అచ్యుతాపురము 2022 ఏప్రిలు 4వ తేదీ వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. నేడు అనకాపల్లి జిల్లాలోనిది. ఇచ్చటి ప్రత్యేక ఆర్థికమండలిలో, బ్రాండిక్స్ వస్త్రనగరమున, వేలకొలది స్త్రీలు చుట్టుపట్ల పల్లెలనుండి తెల్లవాఱకమున్నే బస్సులెక్కి వచ్చి కుట్టుయంత్రములముందు కూర్చుందురు. వారు కుట్టిన వస్త్రములు సముద్రములు దాటి పోవును. అచ్చటి ధనవంతురాలు దానిని కొంతకాలము కట్టి, దానపుటంగడిలో నిచ్చును. అంగడిలో నమ్ముడుపోనిది మణుగుల లెక్కన విక్రయింపబడును. అట్టి మూటలు గుజరాతులోని కాండ్లా రేవునకు వచ్చి, అచ్చట స్త్రీలచేతనే ఏఱబడి, కట్టుటకు పనికివచ్చునవి మఱల నాఫ్రికాకు పోవును. చినిగినవి హర్యానాలోని పానిపట్టునకు పోయి, నూలుగ విడదీయబడి, కంబళ్లగును. ఘానాదేశపు రాజధానియైన అక్రాలో కంటమాంటో యను సంతకు వచ్చు నీ పాతబట్టలను అచ్చటివారు ‘చచ్చిన తెల్లవాని బట్టలు’ అను నర్థము వచ్చు పేరుతో పిలుతురు. ఇంత మంచి గుడ్డను బ్రదికియున్నవా డెవ్వడు పాఱవేయునను ఆశ్చర్యమునుండి పుట్టిన పేరది. ఇట్లు వస్త్రము లోకమంతయు తిరుగుచున్నది. కుట్టిన చేతికిని, ఏఱిన చేతికిని, తుదకు కట్టుకొను నొడలికిని దక్కవలసిన గౌరవము మాత్రము వస్త్రముతో గూడ ప్రయాణము చేయుట లేదు.

మనవైపు దానపుటంగళ్లు తక్కువ. కాని పాతబట్టలు పంచు శిబిరములు, పండుగనాటి యన్నదానములు, వరదలప్పుడు వచ్చు లారీలు, బడిపిల్లలకు పుస్తకముల సంచులిచ్చు సభలు కోకొల్లలు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును తాకినప్పుడు ఈ ప్రాంతమునకు వచ్చిన సహాయము సామాన్యము కాదు. వచ్చినవారిలో మహానుభావు లెందఱో కలరు. అయినను ఏ యాపదలోనైనను లారీమీద నిలిచి పొట్లములను క్రిందికి విసరు దృశ్యము మనకు పరిచితమే. విసరువాని ముఖమున నొక యుత్సాహము, క్రిందనున్నవారి చేతులలో నొక పెనుగులాట. ఆ పొట్లములో నున్నది యన్నమే కావచ్చును. కాని విసరుట యను క్రియకు మన దేశమున మనుష్యులు పాత్రులు కారు.

ఇక మాట. బట్టలు పంచుచోట్ల వినవచ్చు మాటలను కొన్నిటిని వ్రాయుచున్నాను. చదువరులలో వీనిని విననివారు తక్కువ. “ఏటే, మళ్లీ వచ్చినావా? మొన్ననే కదా పట్టుకెళ్లినావు!” “ఊరికే వచ్చినదానికి రంగు కూడా కావాలా నీకు?” “చేతులు కడుక్కుని ముట్టుకో.” “వరసలో నిలబడమంటే తెలీదా? అందుకే మీ బతుకులిలాగున్నాయి.” వీనిలో నొక్కటియు బూతు కాదు, న్యాయస్థానమున నిలుచు తిట్టు కాదు. అయినను నలుబదియేండ్ల స్త్రీ తన బిడ్డయెదుట వీనిని విని యింటికి పోయినచో, ఆమె తెచ్చుకొన్న చీర యామెకు చలిని కాపాడునేమో గాని, ఆ రాత్రి నిద్ర నీయదు.

తెలుగుభాషకు మధ్యమపురుషమున నేకవచన బహువచనముల భేదము కేవలము వ్యాకరణ విషయము కాదు. అది మన సంఘము యొక్క నాడి. తెలియనివారిని ‘మీరు’ అనుట, వయసున పెద్దవారిని అమ్మా, అయ్యా, అప్పా యని వరుసపెట్టి పిలుచుట మన మర్యాద. బట్టలకొట్టులో వేయిరూపాయల చీర కొన వచ్చినామెను ‘రండమ్మా, కూర్చోండి’ యని పిలుచు యువతియే, ఆదివారమున దానశిబిరమునకు వచ్చి, తన తల్లి యీడు స్త్రీని ‘ఇటు రావే’ యనుచున్నది. నడుమ మాఱినదేమి? చీర వెల మాత్రమే. కనుక మన ‘మీరు’ అను మాట మనుష్యునికి కాదు, వాని సంచిలోని సొమ్మునకు చెందినదని తేలుచున్నది. ఇది యొప్పుకొనుటకు కష్టమైన నిజము.

మాటకంటె నొకమెట్టు క్రిందికి దిగినది ఛాయాచిత్రము. పంచువారు నలుగురు, పుచ్చుకొనువా డొకడు. నలుగురి చేతులును ఒక దుప్పటి మీద, ఐదు ముఖములును ఫోను వైపు. ‘ఇటు చూడు, నవ్వు’ అను నాజ్ఞ. బడులలో పిల్లలకు సంచులిచ్చునప్పుడు నీ తంతును ఉపాధ్యాయులు తఱచుగా చూతురు. ఆ పిల్లవాడు మఱునాడు ఆ సంచిని భుజమున వేసికొని వచ్చినప్పుడు తోడివారి ఫోనులలో తన చిత్రముండును. సంచి యేడాదికి చినుగును, చిత్రము చినుగదు. దాత తన పేరు చాటుకొనుట కా బాలుని ముఖమును మూల్యముగా పుచ్చుకొన్నాడు. కావున నది ఉచితదానము కాదు, విక్రయమే. కొన్నవానికి వెల ముందుగా చెప్పలేదు, అంతియే భేదము.

ఇంతవఱకు నొకవైపు. రెండవవైపు చెప్పక విడుచుట న్యాయము కాదు. స్వచ్ఛందసేవకుల బాధ తక్కువది కాదు. దాతలమని పేరుపెట్టుకొని మనము పంపు మూటలను విప్పి చూడుడు: గుండీలు లేని చొక్కాలు, జిప్పు చెడిన లాగులు, ఉదుకని లోదుస్తులు, ఒంటి చెప్పు. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ తరువాత తమిళనాటి తీరమున, అక్కఱకురాని పాతబట్టలు దారులప్రక్కన గుట్టలుగ పడియుండెను. 1999లో గూంజ్ సంస్థను స్థాపించి, 2015లో రామన్ మెగసెసే పురస్కారము నందిన అన్షు గుప్తా, వస్త్రదానమున మన దేశీయులకు గల యీ యలక్ష్యమును గుఱించియే పనిచేయుచు వచ్చెను. ఈ కంపును ముక్కు మూసికొని ఏఱువాడు సేవకుడు. ఎండలో నిలిచి, త్రోపుడుల కోర్చి, ఒక్కడే నాలుగుమాఱులు వచ్చి మోసగించుట చూచి, ఇంటికి పోయి భార్యచేత చీవాట్లు తినువాడు నతడే. అతని కోపము నిర్హేతుకము కాదు. కాని కోపమునకు కారణము దాత. అది పడునది బీదవానిమీద. మేడమీదివాని తప్పునకు మెట్లమీదివానిని కొట్టుట యేమి న్యాయము?

ఈ పారుష్యమునకు మూలములు మూడు నాకు కనబడుచున్నవి.

మొదటిది, జీతము లేదను గర్వము. ‘స్వచ్ఛందము’ అను పదమును మనవారు తఱచుగా స్వచ్ఛము, అనగా నిర్మలము, అనుదానితో కలిపివేయుచున్నారు. అది స్వ, ఛంద అను రెండు మాటల కూడిక; తన యిష్టమునుబట్టి యని యర్థము. సంస్కృతమున నా పదమునకే అదుపులేని, కట్టుబాటు లేని యను నర్థమును కలదు. సేవచేయుటకు పూనుకొనుట తన యిష్టము కావలెను. పూనుకొన్న పిమ్మట నోటికి కట్టుబాటుండవలెను. జీతగాని తప్పునకు యజమాని యుండును. జీతము లేనివాని తప్పు నడుగువారెవరు? ‘నేను ఊరికే చేయుచున్నాను’ అను మాట యెల్ల విమర్శలకును అడ్డువేసిన తలుపగుచున్నది. పైగా పంచుచున్న సొత్తు తనది కాదు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, పరుల గుడ్డను పరులకిచ్చుచు, కృతజ్ఞత మాత్రము తనకు రావలెనని కోరుట యిందలి చోద్యము. 2019 నుండి 2024 వఱకు మన రాష్ట్రమున గ్రామ వాలంటీరులను పేర నున్నవారు నెలకు రు. 5,000 గౌరవవేతనము పుచ్చుకొన్నవారు గనుక నీ చర్చలోనికి రారు. అయినను ఆ పేరు పల్లెలలో బాగుగ నాటుకొనుటచే, వాలంటీరనగా నడిగినచో జవాబు చెప్పవలసినవాడను భావము కొంత కలిగినది. ఆ భావము నిజమైన స్వచ్ఛందసేవకును పనికివచ్చును.

రెండవది, అనుమానము. సహాయము సుఖముగ దొరకినచో సోమరులు పెరుగుదురను భయము కొత్తది కాదు. 1834లో ఇంగ్లాండున చేసిన బీదల చట్టము, ప్రభుత్వాశ్రయము కోరువాని బ్రదుకు, బయటి కూలివాని బ్రదుకుకంటె హీనముగ నుండవలెనని నియమము పెట్టినది. అవమానమే యక్కడ జల్లెడ. అట్టి జల్లెడయే మన దేశమునకును వచ్చినది. 1877లో మద్రాసు రాజధానిలో కఱవు ప్రబలినప్పుడు సర్ రిచర్డు టెంపుల్, కఱవుపనికి వచ్చిన కూలివానికి దినమునకొక పౌను ధాన్యమును, కొలదిపాటి చిల్లరయు చాలునని నిర్ణయించెను. ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ ఎదిరించి వాదించిన పిమ్మట నా కూలి పెంపబడినది. ఆ దొరలు పోయిరి. ఆ జల్లెడ మన చేతులలో మిగిలినది. ‘నిజముగ లేనివాడేనా?’ అను ప్రశ్నతో ప్రారంభమైన దానము, లేదని వాడు నిరూపించుకొను వఱకు వానిని దొంగగనే చూచును.

మూడవది, కులము. దీనిని చెప్పక దాటుట సులభము. కాని సంస్కారమును కోరు పత్రికలో దాటరాదు. మన పాత సత్రములలో ననేకము బ్రాహ్మణ భోజనమునకే యేర్పడినవి. తక్కిన కొన్నింటిలో పంక్తులు వేఱు, పాత్రలు వేఱు. తాకకుండ పైనుండి పోయుట, దూరమునుండి పెట్టుట అను నలవాటు చేతినుండి పోయినను నోట నిలిచియున్నది. ‘చేతులు కడుక్కుని ముట్టుకో’ అను మాట యెవరితో ననబడుచున్నదో, ఎవరితో ననబడుట లేదో గమనించినవారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను ఒకటేయను సామెత మనము గర్వింపదగినది కాదు. ఏలయన, వడ్డించువాడు మనవాడు కానివారి గతి యేమో యది చెప్పక చెప్పుచున్నది. పలనాట బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి యన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టెనని తెలుగువారు వందలయేండ్లుగ చెప్పుకొనుచున్నారు. చెప్పుకొనుటయే గాని యా చాపను పఱచుకొన్నది తక్కువ.

కొందఱు సంస్కర్తలు మనుష్యుని నడుమనుండి తొలగించినచో బాధ తీఱునని తలంచిరి. 2015లో ఇరాను దేశమున మష్హదు నగరమున నొక గోడకు కొంకులు కొట్టి, అక్కఱలేనివారు తగిలించి పోవుటకును, అక్కఱగలవారు తీసికొని పోవుటకును వీలు కల్పించిరి. ఆ కరుణాకుడ్యము లోకమంతయు వ్యాపించి మన పట్టణములకును వచ్చినది. గోడలకు చెవులుండునందురు, నోరు మాత్రము లేదు. ఆ నోరు లేకుండుటయే దాని మహిమ. ఎవరెవరని యడుగదు, మళ్లీ వచ్చితివా యనదు. కాని గోడకు చేతులును లేవు. వాన కురిసినచో బట్టను లోపల పెట్టదు, చినిగినదానిని కుట్టదు, పొట్టివానికి పొడుగు లాగు చిక్కినచో వేఱొకటి వెదకి యీయదు. కొన్నినాళ్లకు గోడక్రింద చెత్తకుప్ప పెరుగును. కావున మనుష్యుడు కావలెను. గోడయొక్క మౌనమును నేర్చిన మనుష్యుడు కావలెను.

మఱికొందఱు, వెల పెట్టినచో గౌరవము వచ్చునందురు. ఇందు సత్యము లేకపోలేదు. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15వ తేదీన మఱల తెఱువబడిన అన్న క్యాంటీనులలో రు. 5 చెల్లించి భోజనము చేయువాడు బిచ్చగాడు కాడు, కొన్నవాడు. పప్పు చాలలేదని యడుగుట కా ఐదురూపాయలు హక్కు నిచ్చుచున్నవి. గూంజ్ సంస్థవారు పల్లెలలో బట్టల నూరక పంచక, గ్రామస్థులు బావి త్రవ్వుకొన్నందుకు, బాట వేసికొన్నందుకు ప్రతిఫలముగ నిచ్చు పద్ధతియు నీ తలంపునుండి పుట్టినదే. కాని వెల యొక్కటియే మందు కాదు. చౌకదుకాణమున బియ్యమునకు సొమ్ము చెల్లించినవారును తరములపాటు చీదరింపులు తినిరి. 1983లో రెండురూపాయల కిలోబియ్యము వచ్చినప్పుడును, 2013లో ఆహారభద్రతా చట్టము దానిని హక్కుగ చేసిన పిమ్మటను, బల్లవెనుకనున్నవాని నోరు చట్టమునకు లోబడలేదు. సీమలోని దానపుటంగళ్లలో వెల యున్నను పారుష్యము లేకపోలేదని పైన చూచితిమి. కావున రోగము వెలలో లేదు; ఎదుటివాడు నాకు ఋణపడియున్నాడను తలంపులో నున్నది.

ఈ తలంపువలన కలుగు నష్ట మెంతటిదో యోచింపవలెను. కఠినమైన మాటకు మొట్టమొదట వెనుదిరుగువా డెవడు? అభిమానవంతుడు. జీతము ముట్టని నెలలో బిడ్డకు గౌను కావలసివచ్చిన కుట్టుపనికత్తె, ఒక్కసారి శిబిరమునకు వచ్చి, ఒక్కమాట పడి, మఱల రాదు. నూటికి ఐదురూపాయల వడ్డీకి అప్పు తెచ్చి యంగడిలో కొనును. ఆమె రాకపోవుట నెవ్వరును గమనింపరు. మాటలకు మొద్దువాఱినవారు మాత్రము వచ్చుచునే యుందురు. వారిని చూచి సేవకుడు, ‘చూచితిరా, వచ్చువారందఱును సిగ్గులేనివారే’ యనును. సిగ్గుగలవారిని తఱిమివేసిన నోరు తనదేయని యతనికి తోచదు. ఇట్లు పారుష్యము తనకు తానే సాక్ష్యమును సృష్టించుకొనుచున్నది. దానశాల నిండుగనే యుండును, లెక్కల పుస్తకము నిండుగనే యుండును. ఎవరికొఱకది పుట్టినదో వారు మాత్రము దాని గుమ్మము త్రొక్కరు. ఇంతకంటె పెద్ద వైఫల్యము ధర్మసంస్థకు వేఱొకటి లేదు.

పూర్వులు మాటను గుఱించి తక్కువ చెప్పిరంటిని, బొత్తుగ చెప్పలేదనలేదు. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి యింటికి పోవు శిష్యునకు గురువు చేయు నుపదేశమున, దానము సిగ్గుతోను, భయముతోను చేయవలెనని కలదు. పుచ్చుకొనువాని సిగ్గు కాదు, ఇచ్చువాని సిగ్గు. నా యొద్ద నింత యుండి వీని యొద్ద నేమియు లేకుండుట యేమి యన్యాయమను సిగ్గు; నా మాటవలన వీని మనస్సు నొచ్చునేమో యను భయము. గీతయు ఆదరము లేక, తిరస్కారముతో నిచ్చినదానిని తామసదానముల వరుసలో చేర్చినది. అనగా నట్టి దానమునకు పుణ్యము తక్కువయని కాదు. అది యే జాతికి చెందినదో తెలిపినది.

ఆచరణమున చూపినవారును లేకపోలేదు. గోదావరి లంకలలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ గాని వేళ వచ్చినవారికి నన్నము పెట్టిరి. ఆమె అంతర్వేది యాత్రకు బయలుదేఱి, దారిలో ఆకలిగొన్నవా రెవరో సీతమ్మగారి యింటికి చేరినచో భోజనము దొరకునని పిల్లల నూరడించుట విని, యాత్ర మాని వెనుకకు మఱలెనని చెప్పుకొందురు. 2024లో మన రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమున కామె పేరు పెట్టినది. ఆమె ఖ్యాతికి కారణము పెట్టిన కూరల సంఖ్య కాదు. అంతకంటె నెక్కువ వడ్డించిన జమీందారు లుండిరి. తన యింటికి రాబోవువారు తనకొఱకు ఎదురుచూచుచున్నారని కాక, తానే వారికొఱకు ఎదురుచూడవలసినదానినని యామె తలంచుటయే యా కారణము.

సీతమ్మలు తరమున కొకరు పుట్టుదురు; కాని నియమములు ప్రతిదినమును పాటింపవచ్చును. అచ్యుతాపురము కూడలిలో స్వయంసహాయక సంఘముల స్త్రీల చేతిమీదుగ నొక దానపుటంగడి నడచుట యసాధ్యము కాదు; బడులు తెఱచు జూను నెలలో దాని యవసరము ప్రతి యింటికి తెలియును. అట్టిదానికి నాకు తోచిన నియమములు కొన్ని. ఉదికి, గుండీ కుట్టి, మడతపెట్టని గుడ్డను దాతయొద్దనే నిరాకరింపవలెను. కాని నిరాకరించు మాటయు మెత్తనిదై యుండవలెను. వచ్చినవారి నెల్లరను ‘మీరు’ అనవలెను. ఏఱుకొనుట వారి హక్కు. అందుకొక యద్దమును, తెర కట్టిన మూలయు నుండవలెను. ముసలివారికొక కుర్చీ, త్రాగుటకు నీరు. ఫోనుతో చిత్రములు తీయరాదు. స్వల్పమైనను వెల యుండవలెను. అది చెల్లింపలేనివాని నడుగరాదు. సేవకుల వంతులు చిన్నవిగ నుండవలెను, అలసినవాని నోరు అదుపు తప్పును గనుక. సేవకునిమీద చెప్పుకొనుట కొక మనిషి యుండవలెను. ఆ మనిషి సేవకులలోనివాడు కారాదు. అన్నిటికంటె ముఖ్యముగ, పుచ్చుకొన్నవారిని సేవకులుగ పిలువవలెను. వరుసలో నిలిచినవాడు బల్లవెనుకకు వచ్చినప్పుడు వరుస యెంత పొడుగో వాని కెవ్వరును నేర్పనక్కఱలేదు.

సేవకులను విమర్శించినచో సేవయే మూలబడునని భయపడువారు కలరు. ఆ భయము నాకు లేదు. వంటవాని నుప్పు ఎక్కువైనదన్నంత మాత్రమున లోకమున వంట ఆగలేదు. జీతము లేక పనిచేయువానికి ధన్యవాదములు చెప్పుదము. ఆ ధన్యవాదములను మర్యాదకు బదులుగ నీయవద్దు. నోరు మంచిదైనచో ఊరు మంచిదగునని మన యమ్మమ్మలు నేర్పిరి. పాతచీర యొకటి చేతులు మాఱునప్పుడు, అందులో నిచ్చినవారి సొమ్ము కొంత, కుట్టినవారి చెమట కొంత యున్నవి. నడుమ నిలుచున్నవాడు దానికి చేర్పవలసినది ఒక్క మెత్తని మాట మాత్రమే. అది చేర్చినప్పుడే ‘ఉచితము’ అను పదమునకు రెండర్థములును సార్థకములగును.